ఏడు కాఫీ డబ్బాలు

టర్కీ క్రీక్, కాన్సస్
జూన్ 26, 2008

చిన్నారి చెల్లి వెల్డాకు,

మొన్న మంగళవారం పొద్దుటి సంగతి రాస్తున్నాను. అదేమీ ప్రత్యేకమైన రోజు కాదు.

అమ్మ ఐదింటికి లేచింది. కాఫీ పొయ్యి మీద పెట్టి, గౌను మీద నాన్న పాత గళ్ల చొక్కా తొడుక్కుని, రేకు బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. నేను వంటగది కిటికీ దగ్గర కూర్చుని ఆ రోజు కీర్తన చదువుకుంటున్నాను. రాత్రి అర అంగుళం వాన పడింది. గోధుమ తడిసి ఉంది కాబట్టి మన తమ్ముడు గేలన్ కోతయంత్రం బయటికి తీయలేదు. ఎక్కడా చప్పుడు లేదు. అమ్మ చేతిలో బకెట్ చెవి కిర్రుమనడం కూడా నాకు వినబడింది.

ఎప్పటిలాగే చేతిపంపు దగ్గర మొదలుపెట్టి ఊదా కోన్‌ఫ్లవర్ పూల వరస వెంట కంచె దాకా నడిచింది. నలభై ఒక్క దుబ్బులు. ప్రతి దుబ్బు దగ్గరా వంగి, మొదట్లో మొలిచిన గడ్డి పీకి బకెట్లో వేసింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలు మీద చెయ్యి పెట్టకుండా లేస్తుంది. వాడిన తలలు రెండు తుంచింది. వాలిన కాడ ఒకదాన్ని పక్క కాడకు ఆనించింది. వరస నడుమకు వచ్చేసరికి ఆగింది. బకెట్ కింద పెట్టింది. నేను పుస్తకం మూసి బయటికి వెళ్లాను.

"చూడవే, మీ నాన్న పచ్చపువ్వు ఇంకో మూడు దుబ్బులకు వచ్చింది" అంది.

వచ్చింది. ఊదా రేకులు ఉండాల్సిన చోట పొట్టిగా, ఆకుపచ్చగా ఏవో ఉన్నాయి. నడిమి ముళ్ల గుండులోంచి చిన్న చిన్న ఆకుల కుచ్చులు లేచాయి. అమ్మ వాటిని వేలితో తడిమింది. తర్వాత ఆ వరస కథ మళ్లీ మొదటినుంచి చెప్పింది. నాన్న మన చర్చి నమ్మకం ప్రకారం యుద్ధానికి పోనని చెప్పి, దానికి బదులు తూర్పున మానసిక రోగుల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు తడి వార్తాపత్రికలో ఒక్క దుబ్బు చుట్టి తెచ్చాడని. దాని ముళ్ల గుండు చూపించి, 'ముళ్లపంది పువ్వు తెచ్చాను, పెళ్లి చేసుకుంటావా' అని అడిగాడని. మనకు తెలిసిన కథే. నేను మొత్తం విన్నాను.

నాన్న పోయాక వచ్చిన మొదటి వేసవిలో ఆ మొదటి దుబ్బుకే మొదటి పచ్చపువ్వు పూసింది. నువ్వు అప్పుడు ఇక్కడే ఉన్నావు. అమ్మ అది నాన్న పంపిన గుర్తు అనుకుంది. ఈ ఏప్రిల్లో ఆ దుబ్బును చీల్చి ఏడు కాఫీ డబ్బాల్లో పెట్టింది. అడుగున కొంచెం వేరు మట్టుకు నేలలోనే ఉంచుకుంది. నాన్న సమాధి రోజున చర్చి కింది గదిలో రొట్టెలు, హామ్, కాఫీ వడ్డించిన ఏడుగురు ఆడవాళ్లకు కృతజ్ఞతగా ఇవ్వడానికి. ఒక్కో డబ్బాకు నాన్న పేరుతో 'ఒట్టో పచ్చపువ్వు' అని తన చేతిరాతతో చీటీ. కారులో తీసుకెళ్లి ఇచ్చింది నేనే.

ఆదివారం లియోనా గోరింగ్ ఇంటి ముందు ఆ మొక్క చూశాను. ఆకులు పాలిపోయి పసుపు తిరిగాయి. దాని పక్కన లియోనా సొంత దుబ్బుకు కూడా ఒక పువ్వు పచ్చగా ఉంది.

నాకు మనసు కుదుటగా లేదు. వచ్చే వారం కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి ఒక కాడ తీసుకెళ్తాను. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

నిన్నొక మాట అడుగుతున్నాను. పోయిన ఆగస్టులో ఒక పచ్చపువ్వు సీసాలో పెట్టుకుని వెళ్లావు, మీ ఊళ్లో మొక్కలు అమ్మే ఆయనకు చూపిస్తానని. ఆయన ఏమన్నాడు?

ఫోనులో అడిగేదాన్నే. ఫోను వంటగది గోడకు ఉంది. దాని కిందే అమ్మ కుర్చీ.

నీ కోసం ప్రార్థిస్తూ,
అలీడా


హెండర్సన్, నెబ్రాస్కా
జులై 2

అక్కా,

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ మోకాలు పట్టుకోకుండా లేస్తోందా! దేవునికి స్తోత్రం. నాకు నలభై నాలుగేళ్లు, నేను టమాటా మొక్క దగ్గర కూర్చుంటే లేవడానికి కంచె పట్టుకోవాలి. ఇక్కడ ఎండ మండిపోతోంది. చిన్నవాడు బేస్‌బాల్ ఆడుతూ ముక్కు పగలగొట్టుకున్నాడు. విరగలేదు. జరిగినదాని కంటే ఎక్కువ కథ చెబుతున్నాడు.

లియోనా మొక్క పసుపు తిరిగిందంటే నేనేమీ ఆశ్చర్యపోను. ఆమె నీళ్లు పోసే తీరుకు రాయి కూడా పసుపు తిరుగుతుంది. ఆ పూలకు అంత నీరు పనికిరాదని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది? ఎరువు వెయ్యకే, కాడ మెత్తబడి పడుకుంటుంది అంటే, రెండు బస్తాలు వేసిన మనిషి ఆవిడ.

అక్కా, కంటికి కనబడనంత చిన్న నల్లి ఒకటి ఉంటుందట. అది ముళ్ల గుండులో చేరితే ఇలాగే కుచ్చులు లేస్తాయట. ఆ తలలు కోసి పారేస్తే చాలు, మొక్కకు ఏమీ కాదు. ఎక్కడో చదివాను. అదే అయ్యుంటుంది. పచ్చతలలు ఉన్నవన్నీ తుంచేసి కొన్నాళ్లు చూడు. అమ్మతో మట్టుకు ఇప్పుడేమీ అనకు. నాన్న పోయాక ఆరు నెలలు ఆమె ఎలా ఉందో నీకు నేను చెప్పాలా?

పిల్లలు నీ తీపి ప్లమ్ పులుసు అడుగుతున్నారు. ఎన్ని కిస్‌మిస్‌లు వేస్తావో రాయి. నేను చేస్తే జిగురులా వస్తోంది.

ప్రేమతో,
వెల్డా


టర్కీ క్రీక్
జులై 10

వెల్డాకు,

కిస్‌మిస్ గుప్పెడు. పిండి చల్లటి పాలల్లో కలిపి, పులుసు దించాక అందులో చేర్చు. జిగురు రాదు.

తలలు తుంచి చూశాను. నాలుగైదు రోజుల్లో కొత్త తలలు పచ్చగానే వచ్చాయి, ఆకులు పసుపు తిరిగాయి. మంగళవారం కౌంటీ కార్యాలయానికి వెళ్లాను. మొక్కల పని చూసేది రోండా టెబ్బెన్ అని, నా వయసు ఆవిడ. కాడను వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఇది నల్లి కాదండీ. నల్లి అయితే తల ఒక్కటే చెడుతుంది. ఇక్కడ మొక్క మొత్తం చెడింది. వెర్రి తెగులు ఇది" అంది.

"మందు?"

"లేదు. వేరుతో సహా తవ్వి సంచిలో కట్టెయ్యడమే. పచ్చదోమ మోసుకొస్తుంది. జబ్బు మొక్క రసం పీల్చి మంచి మొక్క మీద వాలితే చాలు."

"మట్టి?"

"మట్టిలో ఉండదు. గింజలోకీ పోదు. కాని దుబ్బు చీలిస్తే ప్రతి ముక్కలోనూ ఉంటుంది. మీరు ఎవరికైనా చీల్చి ఇచ్చారా?"

"ఏడుగురికి" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "వెంటనే తీయించండి. బంతి, ఆస్టర్ పూలు, క్యారెట్, దేనికైనా పాకుతుంది" అంది.

తిరిగొచ్చే దారిలో కారు పక్కకు ఆపి ప్రార్థన చేసుకున్నాను. అమ్మకు చెప్పాలా అని అడిగాను. చెప్పు అనే మనసుకు వచ్చింది. ఇంటికి వచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని బఠాణీలు వలుస్తూ నాన్న పాట పాడుకుంటోంది. చెప్పలేదు.

ముందు డబ్బాలు వెనక్కి తెద్దామనుకున్నాను. అబద్ధం చెప్పలేను. నిజం చెబితే గురువారం చర్చి ఆడవాళ్లు కూడి బొంతలు కుట్టే దగ్గర అమ్మ చెవిన పడుతుంది. అందుకని ఏమీ చెప్పకుండా, "ఈ మొక్క నాకు తిరిగి కావాలి" అని మాత్రం అడిగాను. నాలుగు ఇళ్లలో ఇచ్చారు. ఎవరూ సంతోషంగా ఇవ్వలేదు. లియోనా గుమ్మంలో నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇచ్చిన మొక్క తిరిగి తీసుకోవడం ఏంటే, అలీడా? మీ నాన్న సమాధి రోజు మేము చేసిన బంగాళాదుంప సలాడ్‌లో ఉప్పు తక్కువైందా?"

"లేదు" అన్నాను.

"మరి?"

"ఇవ్వండి, లియోనా."

ఇచ్చింది. పార మట్టుకు ఇవ్వలేదు. చేతులతో తవ్వుకున్నాను. తన సొంత దుబ్బును ముట్టనివ్వలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగినదానికి జవాబు అందులో లేదు.

అలీడా


హెండర్సన్
జులై 15

అక్కా,

జవాబు లేదని నాకూ తెలుసు.

ఆయన చూసిన వెంటనే చెప్పాడు. పోయిన ఆగస్టు ఇరవై ఒకటో తారీకున. ఆ సీసాను కౌంటర్ మీద కూడా పెట్టనివ్వలేదు. "అమ్మా, దాన్ని నా మొక్కల దగ్గరికి తేకండి. అది తెగులు. ఆ దుబ్బు పీకించండి" అన్నాడు. సంచిలో చుట్టి చెత్తలో వేశాను. ఇంటికొచ్చి నీకు ఫోను చేద్దామని ఎత్తాను. అమ్మ ఎత్తింది. "వెల్డా, ఇవాళ ఇంకో పువ్వు వచ్చిందే" అంది. నాన్న పోయాక ఆ గొంతు నేను వినలేదు. అంతకు ముందు వారం నేను అక్కడున్నప్పుడు ఆమె మొదటిసారి రెండో రొట్టె తీసుకుంది. గుర్తుందా? నువ్వు నా వైపు చూశావు.

ఒక దుబ్బే కదా అనుకున్నాను. చలికి చచ్చిపోతుందిలే అనుకున్నాను.

ఏప్రిల్లో నీ ఉత్తరం వచ్చింది, అమ్మ దుబ్బు చీలుస్తోందని. ఆ సాయంత్రమే కార్డు రాశాను. తపాలా బిళ్ల అంటించాను. పోస్టులో వెయ్యలేదు. అలమరాలో కప్పుల వెనక ఉంది. దీనితో పంపుతున్నాను. అందులో తేదీ చూడు.

నాకు ఇంకేం రాయాలో తెలియడం లేదు. నువ్వు తిడితే తిట్టు.

వెల్డా

(లోపల ఒక కార్డు)

ఏప్రిల్ 14
అక్కా, ఆ పచ్చపువ్వు మంచిది కాదు. తెగులట. అమ్మను దుబ్బు చీల్చనివ్వకు. ఎవరికీ ఇవ్వనివ్వకు. ఎందుకు ఇంతకాలం చెప్పలేదో తర్వాత రాస్తాను. — వె.


టర్కీ క్రీక్
జులై 18

వెల్డా,

నీ ఉత్తరమూ కార్డూ అందాయి.

నేను డబ్బాలు మోసింది ఏప్రిల్ పందొమ్మిదిన.

నీ మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. కొంతసేపు వచ్చింది కూడా. తర్వాత కిటికీలోంచి అమ్మ వరస దగ్గర కనబడింది, బకెట్‌తో. నాకు తెలిసి పది రోజులైంది. నీది పెద్ద మౌనం, నాది చిన్న మౌనం అని చెప్పుకుందామంటే కుదరలేదు. లేచి గిన్నెలు తోమాను.

ఆరు డబ్బాలు వచ్చాయి. ఏడోది ఎస్తర్ ఉన్రూ దగ్గర ఉంది. చర్చి వేదిక మీద ప్రతి ఆదివారం పూలు పెట్టేది ఆమే. ముప్ఫై ఏళ్లుగా ఆ పూలన్నీ ఆమె పెరట్లోవే. ఆ మొక్కను సరిగ్గా ఆ పూల మడి నడుమ నాటింది. నన్ను లోపలికి రమ్మనలేదు.

"ఇచ్చింది మీ అమ్మ. కావాలంటే అడగాల్సింది మీ అమ్మ. మధ్యలో నువ్వు ఎవరివే?" అంది.

ఖాళీ సంచి మడుచుకుని వచ్చేశాను.

కోతల వల్ల ఆగిన బొంతల పని వచ్చే గురువారం మళ్లీ మొదలు, అమ్మ వెళ్తుంది. ఇప్పుడు ఊరంతా ఈ మాటే. అమ్మ పేరు ఎత్తి, ఫ్రీడా వోత్ ఇచ్చినవి తిరిగి లాక్కుంటోందని. ఆ లోపల నేను చెప్పాలి. ప్రార్థించు.

అలీడా


హెండర్సన్
జులై 22

అక్కా,

నేను వచ్చి చెప్పనా? శుక్రవారం బయలుదేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. తప్పు నాది. నీ నోటితో నా తప్పు చెప్పకు. నా పేరు దాచకు కూడా. ఏది కుదిరితే అది చెయ్యి. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు.

ఒక్క మాట రాయి చాలు, వస్తాను.

వెల్డా


టర్కీ క్రీక్
జులై 25

నా వెల్డాకు,

రావద్దు. ఎందుకో చివర రాస్తాను.

బుధవారం దాకా నేను చెప్పలేదు. బుధవారం రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టాను. అమ్మ ఉప్పు అడిగింది. ఉప్పు ఇచ్చాను. అక్కడితో ఆగిపోయింది. నేను ఎంత పిరికిదాన్నో నీకు తెలియాలని రాస్తున్నాను.

నిన్న అమ్మ బొంతలకు వెళ్లింది. లియోనా కూతురు తీసుకెళ్లింది. తర్వాత ఎస్తర్ నాకు చెప్పిన ప్రకారం, అమ్మ వెళ్లి కూర్చోగానే మాటలు ఆగిపోయాయట. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. లియోనా తల ఎత్తకుండానే అందట:

"ఫ్రీడా, నువ్వు ఇచ్చిన మల్బరీ పండ్ల జామ్ సీసా ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. సగం తినేశాం. దానికి కూడా అలీడాను పంపిస్తావా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్విందట, అర్థం కాక. తర్వాత ఒక్కొక్కరి మొహమే చూసి నవ్వు ఆపింది. తన వంతు గడి కుట్టడం పూర్తిచేసి, ముడి వేసి, దారం తెంపి, అప్పుడు లేచిందట.

ఇంటికి వచ్చి చేతిసంచి కూడా దించలేదు.

"ఎన్ని తెచ్చావు?" అంది.

"ఆరు."

"ఎక్కడున్నాయి?"

"గేలన్ కొట్టంలో. సంచుల్లో."

"చూపించు."

కొట్టం దాకా నా ముందు నడిచింది. ఒక సంచి ముడి తనే విప్పింది. మొక్క చేతిలోకి తీసుకుని, కాడ తిప్పి చూసి, ఆకు వెనక చూసింది. నేను అంతా చెప్పాను. రోండా టెబ్బెన్ అన్న ప్రతి మాట చెప్పాను. చెప్పడం ఐదు నిమిషాల పని అయింది, వెల్డా.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"జులై ఎనిమిది నుంచి."

"పదహారు రోజులు నా ఎదురుగా కూర్చుని, తల వంచి, ప్రభువా నీకు వందనాలు అని చెప్పి తిన్నావు."

"అవును."

"నేను రోజూ పొద్దున ఆ జబ్బు మొక్క దగ్గర నిలబడి మీ నాన్నతో మాట్లాడుతుంటే కిటికీలోంచి చూశావు."

"అవునమ్మా."

"నేను పింగాణీ గిన్నెనా, ముట్టుకుంటే పగలడానికి?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మీ నాన్నను పెట్టెలో పెట్టినప్పుడు చూశాను. మట్టి వేసినప్పుడు చూశాను. ఒక మొక్క తెగులు చూడలేనా?"

తర్వాత సంచిలోనే ఉన్న చీటీ తీసి చదువుకుంది, 'ఒట్టో పచ్చపువ్వు' అని. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "పద, ఎస్తర్ ఇంటికి" అంది.

ఎస్తర్ తలుపు తీసింది. అమ్మ మెట్టు కిందే నిలబడింది.

"ఎస్తర్, నీకు జబ్బు మొక్క ఇచ్చాను. తెలియక ఇచ్చాను. ఒప్పుకుంటే తవ్వుకుపోతాను" అంది.

ఎస్తర్ అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఈ మూడు ముక్కలు నీ కూతురు ఆరోజే చెప్పుంటే నేనే పార తెచ్చిచ్చేదాన్ని కదే" అంది.

"దానిది నాన్న పోలిక. నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార వెయ్యాలి" అంది అమ్మ.

ఎస్తర్ నవ్వలేదు గాని తలుపు పూర్తిగా తెరిచింది. మడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ఆస్టర్లలో రెండు అప్పటికే పచ్చబడ్డాయి. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని రోజూ తడుపుతోందట. "పోయిన ఆదివారం ఆ పచ్చవాటిని వేదిక మీద పెట్టాను. పాస్టరు ఇదేదో కొత్త రకమా అని అడిగాడు. అవును, అరుదైనది అని చెప్పాను" అంది. అప్పుడు నవ్వింది. ఇద్దరూ నవ్వారు. ఎస్తర్ ఒకవైపు, నేను ఒకవైపు తవ్వాం. అమ్మ సంచి పట్టుకుంది. ఆస్టర్లు రెండూ ఎస్తర్ తనే పీకి అదే సంచిలో వేసింది. మాకు కాఫీ ఇచ్చింది.

సాయంత్రం గేలన్ వచ్చాడు. జున్ను కూరి ఉడికించే వెరెనికె చేశాను, హామ్ గ్రేవీతో. అమ్మ తినేదాకా ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత పళ్లెం పక్కకు జరిపింది.

గేలన్ ముందు అన్నాడు, "మొత్తం వరస దున్నేస్తానమ్మా. అరగంట పని. ఇంకేమీ దిగులు ఉండదు."

"నీ ట్రాక్టరు నీ పొలంలో ఉంచుకో" అంది అమ్మ.

నేను ఆ మధ్యాహ్నం లెక్క చూశాను. నలభై ఒకటిలో పద్నాలుగు చెడ్డాయి. చేతిపంపు వైపు ఉన్నవన్నీ శుభ్రంగా ఉన్నాయి. అది చెప్పాను. అమ్మ కాసేపు టేబుల్ గుడ్డ మీద చెయ్యి రాస్తూ కూర్చుంది. నాన్న మొదటి దుబ్బు ఆ పద్నాలుగులో ఉందని ముగ్గురికీ తెలుసు. అమ్మే అంది.

"ఒట్టో దుబ్బు నేను తవ్వుతాను. రేపు పొద్దున, ఎండెక్కక ముందు. గేలన్, పార పదును పెట్టి తీసుకురా. తెచ్చి పక్కన నిలబడు. చెయ్యి పెట్టకు."

"లోతుకు పోయుంటుందమ్మా, యాభై నాలుగేళ్ల వేరు" అన్నాడు.

"నాకూ ఆ వేరుకూ ఒకటే వయసు ఈ ఇంట్లో. మేమిద్దరం చూసుకుంటాం."

ఆ సాయంత్రం తేలినది ఇది. చెడ్డ పద్నాలుగూ ఇవాళే తీసేస్తాం, ఇది రాస్తుంటే ఇంకా తెల్లవారలేదు. మిగిలిన ఇరవై ఏడు ఉంటాయి. రోజూ పొద్దున అమ్మతో పాటు నేనూ వరస చూస్తాను, కిటికీలోంచి కాదు. ఒక్క ఆకు పసుపు తిరిగినా ఆ రోజే పీకేస్తాం. పంపు వైపు దుబ్బుల తలలు ఈసారీ కొయ్యం. సగం ఎప్పటిలాగే పసుపు పిచ్చుకలకు, సగం గింజకు. చలి తగలకపోతే ఆ గింజ మొలవదు కాబట్టి జనవరిలో పాల డబ్బాలు కోసి, మట్టి నింపి, విత్తి మంచులో పెడతాం. మొలిచినవి వసంతంలో మళ్లీ ఏడు కాఫీ డబ్బాల్లోకి, అదే ఏడు ఇళ్లకు. ఈసారి చీటీ మీద 'ముళ్లపంది పువ్వు' అని మాత్రం రాస్తుందట.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అమ్మ లేచి నిలబడి జరిగింది చెబుతుంది. పాస్టరుకు ఫోను చేసి ముందే చెప్పింది. నాకు వేరే పని పడింది. మిగతా ఆరు ఇళ్లకూ నేను మళ్లీ వెళ్లి, ఎందుకు తీసుకున్నానో చెప్పి, వాళ్ల సొంత మొక్కలు చూసి రావాలి. "ఈసారి నోటితో వెళ్లు" అంది. లియోనా ఇల్లు ముందు పెట్టుకున్నాను.

లేవబోతూ అమ్మ అడిగింది. "వెల్డా పోయినేడాది ఒక పువ్వు పట్టుకెళ్లింది కదా, ఎవరికో చూపిస్తానని. ఏమన్నారట?"

గేలన్ నా వైపు చూశాడు. నీ ఉత్తరం నా ఏప్రాన్ జేబులో ఉంది. నీ మాట గుర్తుంది, నీ తప్పు నా నోటితో చెప్పొద్దని, నీ పేరు దాచొద్దని. అబద్ధం చెప్పలేదు. దాచలేదు.

"తననే అడుగమ్మా" అన్నాను.

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. అర్థమైంది. ఎంత అర్థమైందో నాకు తెలియదు. కుర్చీని గోడకు, ఫోను కిందికి, ఇంకొంచెం దగ్గరగా జరుపుకుని కూర్చుంది. నువ్వు వస్తానని రాశావని చెప్పాను.

"అది రావద్దు. పిల్లలను వదిలి అంత దూరం నడుపుకుంటూ రావద్దని రాయి. జనవరిలో విత్తనాలు వేసేటప్పుడు రమ్మను, చేతులు కావాలి" అంది. "పై ఆదివారం, ఉత్తరం అందాక, చర్చి అయ్యాక నాలుగింటికి ఫోను చెయ్యమను."

అందుకని, వెల్డా, ఆగస్టు మూడు ఆదివారం నాలుగింటికి ఫోను చెయ్యి. అమ్మే ఎత్తుతుంది.

అలీడా